నూనె తొట్టిలో ఆరు గంటలు

తొట్టిలోంచి పైకి వచ్చిన రోజు అన్నం తినబుద్ధి కాదు. చేతులు ఎన్నిసార్లు కడుక్కున్నా ముద్ద నోటి దగ్గరికి వచ్చేసరికి ముక్కిన పల్లీనూనె వాసన కొట్టేది. జుట్టులో, గోళ్ల సందుల్లో, చెప్పుల పట్టీల్లో, చివరికి నా డైరీ కాగితాల్లో కూడా అదే వాసన.

మా అకాడమీ వనపర్తి ఊరి బయట, ఎప్పుడో మూతబడిన నూనెమిల్లులో ఉండేది. మిషన్లన్నీ అమ్మేశాక అక్కడ మిగిలినవి ఒక రేకుల షెడ్డు, పక్కన రెండు గదులు, షెడ్డు నేల కింద నూనె నిలవ చేయడానికి కట్టిన సిమెంటు తొట్టి. రెండు నిలువుల లోతు ఉంటుంది. లోపల రెండు మంచాలు వేస్తే నడవడానికి చోటుండదు. పైన మనిషి పట్టేంత కంత, దానికి ఇనుప మూత, లోపలికి ఇనుప నిచ్చెన. గోడల నిండా వేలు మందాన నల్లటి మడ్డి. అరచేయి ఆనిస్తే అంటుకుని సాగేది. అకాడమీ నడిపే జయరాజు సార్ ఆ మూత మీద తెల్లరంగుతో 'సబ్‌మెరైన్' అని రాయించాడు.

నేను అక్కడ చేరింది జూన్‌లో. అప్పటికి ఇంటర్ పూర్తయింది, ఏప్రిల్‌లో రాసిన ఎన్‌డీఏ రాతపరీక్ష పాసయ్యాను. ఇంటర్ పిల్లలను తీసుకుని సైన్యంలో, నౌకాదళంలో ఆఫీసర్లుగా తయారుచేసే పరీక్ష అది. పాన్‌గల్ దగ్గర మా ఊరి బళ్లో తొమ్మిదో తరగతి చదివేటప్పుడు కావ్య మేడం అణు జలాంతర్గామి గురించి చెప్పింది. నెలల తరబడి పైకి రాకుండా సముద్రం కిందే తిరుగుతుందని, లోపల ఉన్న చిన్న రియాక్టరు వేడితోనే నడుస్తుందని, మనుషులు పీల్చే గాలిని కూడా సముద్రపు నీళ్లలోంచి తానే తయారు చేసుకుంటుందని. ఎవరూ చూడని చోట, ఎవరితోనూ పెద్దగా మాట్లాడే అవసరం లేకుండా, మీటర్ల ముళ్లు చూసుకుంటూ చేసే పని. అది నాకోసమే పెట్టిన ఉద్యోగం అనిపించింది. ఆడవాళ్లను ఇంకా అందులోకి తీసుకోవడం లేదని కూడా మేడమే చెప్పింది. "నువ్వు ఆఫీసర్ అయ్యేటాళ్లకు తీస్కుంటరు. అప్పటికి తయారుగ ఉండు" అంది.

రాతపరీక్ష తర్వాత ఐదు రోజుల ఇంటర్వ్యూ ఉంటుంది. అక్కడ గుంపు మధ్యలో నిలబడి ఇంగ్లిషులో మాట్లాడాలి. నాకు ఇంగ్లిషు రాయడం వచ్చు, మాట్లాడటం రాదు. తెలుగులో కూడా అంతే. జయరాజు సార్ దోస్తు ఒకాయన, రిటైరైన నేవీ ఆఫీసర్, విశాఖపట్నంలో ఇంటర్వ్యూకు శిక్షణ ఇస్తాడు. సార్ పంపిన ఒక్క పిల్లకు గానీ పిల్లవాడికి గానీ ఏడాదికి ఒకసారి నెల రోజులు ఉట్టిగా నేర్పిస్తాడు. ఆ ఒక్క సీటు కోసమే నేను ఆ మిల్లులో మూడు నెలలు ఉన్నాను.

సార్ పదిహేనేళ్లు నౌకాదళంలో చేశాడు. అందులో ఆరేళ్లు జలాంతర్గామిలో వంటవాడు. ఆ సంగతి ఎప్పుడూ దాచలేదు. "నా చేతి చపాతీలు తిన్నోళ్లు గిప్పుడు పెద్ద పెద్ద ఆఫీసర్లు" అని గర్వంగానే చెప్పేవాడు. ఆయన చెప్పినవి అబద్ధాలు కావు. కానీ ఆరేళ్లు అంత పెద్ద ఓడలో ఉండి ఆయన అక్కడి నుంచి తెచ్చుకున్నది వాసన ఒక్కటే. నీళ్లు తక్కువని స్నానాలు లేకపోవడం, ఒకరు లేచిన పడకలో ఆ వేడి మీదే ఇంకొకరు పడుకోవడం, వంట వాసన, నూనె వాసన, డెబ్బై మంది చెమట వాసన. ఆఫీసర్ కావడమంటే అదే అనుకున్నాడు. మమ్మల్నీ అదే అనుకోమన్నాడు.

"వాసనకు మొహం ముడిచినోడు ఆఫీసర్ గాడు. మొహం ముడిస్తే మైనస్" అనేవాడు. జేబులో చిన్న నోట్‌బుక్కు ఉండేది. మా ముక్కులు, పెదవులు, కనుబొమలు చూసి అందులో మార్కులు వేసేవాడు.

ఆడపిల్లలం నలుగురం, పడకలు రెండు. సౌందర్య లేచిన పడకలో నేను పడుకోవాలి. దుప్పటి ఉతకకూడదు. ఆమె తలనూనె, నా చెమట, ఎవరిదో తెలియని వెంట్రుకలు, అన్నీ కలిసి ఆ దుప్పటి తడి ఆరని తోలులాగా ఉండేది. స్నానం నాలుగు రోజులకొకసారి, అదీ నాలుగు చెంబులు. తొట్టిలో కూర్చున్నప్పుడు అన్నం అక్కడే తినాలి. ఒకసారి పప్పులో బొద్దింక రెక్క వచ్చింది. పక్కకు తీసిపెట్టి తిన్నాను. లోపలి బుగ్గ కొరుక్కుంటే మొహం కదలదని అప్పటికే కనిపెట్టాను. సార్ నాకు రెండు మార్కులు కలిపాడు. ఆ రెండు మార్కులకు నేను సంతోషపడ్డాను. ఇప్పుడు తలచుకుంటే బొద్దింక కంటే ఆ సంతోషమే ఎక్కువ రోత పుట్టిస్తుంది.

సౌందర్యది అమరచింత. వాళ్ల నాన్న దశరథం రైతు. ఆమె కూడా రాతపరీక్ష పాసైంది. మొదట్లో రెండేసి గంటలు, తర్వాత నాలుగేసి గంటలు మేమిద్దరం తొట్టిలో కూర్చునేవాళ్లం. మిల్లువాళ్లు వదిలేసిన పల్లీచెక్క సంచులు మూలకు ఉండేవి. నూనె తీశాక మిగిలే పిప్పి అది. మాకు అవే కుర్చీలు. మూత వేశాక చీకట్లో సౌందర్య ఊరుకునేది కాదు.

"ఏమే నిరోషా, బతికున్నవా?"

"ఊఁ."

"జర ఊఁ కాకుండ ఇంకేమన్న అను. గిట్ల సప్పుడు చెయ్యకుంటే బొద్దింకలు మనల శవాలనుకుంటయి."

"ఏమనాలె?"

"సార్‌ను తిట్టు."

నాకు తిట్టడం రాదు. ఆమే తిట్టేది. నేను నవ్వు ఆపుకునేదాన్ని, నవ్వితే గాలి ఎక్కువ పీల్చాల్సి వస్తుందని.

ఒకసారి మాత్రం సార్‌ను అడిగాను. క్లాసులో లేచి అడగడం అదే మొదలు, అదే చివర. "సార్, అణు జలాంతర్గామిల గాలిని మిషన్లు సాఫ్ చేస్తయంట గద. ఆఫీసర్లు గాలి ఎట్లుందో మీటర్లల్ల చూస్తనే ఉంటరంట గద."

"మిషన్లు ఖరాబైతేనో?" అన్నాడు సార్. "అప్పుడు నీ ముక్కు నాజూకు చూసి సముద్రం జాలిపడతదా?"

అందరూ నవ్వారు. నాకు మైనస్ పడింది. గాలి ఎలా ఉందో చూడటమే ఆఫీసర్ పని కదా అన్న మాట నోట్లోనే ఉండిపోయింది. డైరీలో రాసుకున్నాను.

ఆగస్టులో రెండు వారాలు ముసురు పట్టింది. రేకుల షెడ్డు కారి నీళ్లు తొట్టిలోకి దిగాయి. ఆ రెండు వారాలూ మూత తియ్యలేదు. ముసురు తగ్గగానే వచ్చిన ఆదివారం చివరి పరీక్ష అన్నాడు సార్. నేనూ సౌందర్యా ఆరు గంటలు లోపల ఉండాలి. పైకి వచ్చినప్పుడు ఎవరి మొహం ఎలా ఉందో చూసి, పాత మార్కులు కలిపి, సీటు ఎవరిదో అక్కడే చెప్తాడు. అప్పటికి సౌందర్య కంటే నాకు మూడు మార్కులు ఎక్కువ. తల్లిదండ్రులను కూడా పిలిచాడు. షెడ్డులో ప్లాస్టిక్ కుర్చీలు వేయించాడు, బయట కోడికూర వండిస్తున్నాడు.

మా నాయన సామ్యూల్ సొరంగం పనికి హిమాచల్ పోయి నాలుగు నెలల తర్వాత ఆ వారమే వచ్చాడు. అంతకుముందు ఊళ్లలో బావుల పూడిక తీసే గుంపులో చేసేవాడు. చర్చికి వేసుకునే తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. నన్ను దగ్గరికి తీసుకోబోయి ఆగాడు.

"ఏంది బిడ్డా, గీ వాసన?"

"ట్రైనింగు నాయనా."

"స్నానం చేస్తలేవా?"

"చెయ్యొద్దు."

ఆయన సార్లకు తెలిసింది తనకు తెలియదనుకునే మనిషి. కుర్చీ ఇస్తే కూర్చోలేదు, స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. సౌందర్య నాన్న దశరథం ముందు వరుసలో కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు.

సార్ చిన్న ప్రసంగం చేసి మూత తీయించాడు.

ఆ వాసన ఎలా రాయాలో నాకు ఇప్పటికీ తెలియదు. ముక్కిన నూనె వాసన మాకు అలవాటే. ఇది వేరు. తడిసిన చెక్క సంచులు రెండు వారాలు కుళ్లి, పుల్లగా, తియ్యగా, పురుగు పట్టిన గాయంలాగా వచ్చింది. ముందు వరుసలో ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. నేను బుగ్గ కొరుక్కున్నాను. మొహం కదల్లేదు. సార్ నావైపు చూసి నోట్‌బుక్కులో ఏదో రాసుకున్నాడు.

మా నాయన స్తంభం వదిలి ముందుకు వచ్చాడు. కంత దగ్గర గొంతు కూర్చుని లోపలికి చూశాడు.

"సార్, జర ఆగుండ్రి. దీపం దించి చూద్దం."

"దీపమేంది?"

"ఎన్నొద్దులాయె మూత తియ్యక? దీపం దించి చూసినంకనే దిగాలె. బాయిలల్ల గట్లనే చేస్తం."

దశరథం నవ్వాడు. "ఏం సామేలు, బాయి పూడికకు వచ్చినవా, బిడ్డ పరీక్షకు వచ్చినవా?"

కుర్చీల్లో అందరూ నవ్వారు. సార్ కూడా నవ్వి, "ఇది అణు జలాంతర్గామి ట్రైనింగు సామ్యూల్. ఆడ దీపాలు పెట్టుకోని కూసుంటరా?" అన్నాడు.

నాకు సిగ్గేసింది. నిజం చెప్పాలంటే సార్‌ను చూసి కాదు, మా నాయనను చూసి. ఆయన పగిలిన మడమలు, చొక్కా కింద పైకి మడిచిన ప్యాంటు, ఇంతమంది ముందు గొంతు కూర్చోవడం, అన్నీ నాకు రోతగా కనిపించాయి. మూడు నెలల్లో నేను అంత నేర్చుకున్నాను. కుళ్లిన సంచులకు ముడుచుకోని మొహం కన్నతండ్రికి ముడుచుకుంది. లోపలే అనుకోండి, బయటికి కనబడలేదు.

ఆయన ఎవరి నవ్వునూ పట్టించుకోలేదు. వంట దగ్గరికి పోయి స్టీలు గ్లాసులో ఇంత నూనె పోయించుకుని వచ్చాడు. తన తువ్వాల అంచు చింపి వత్తి చేశాడు. దీపం వెలిగించి చిన్న బకెట్లో నిలబెట్టి, బట్టలారేసే తాడు విప్పి కట్టి, మెల్లగా దించాడు. అందరూ మెడలు చాచి చూశారు. ఒకటో మెట్టు, రెండో మెట్టు, మూడో మెట్టు. నాలుగో మెట్టు దగ్గర మంట పొట్టిగా అయింది, నీలంగా అయింది, ఆరిపోయింది.

"గాలికి ఆరింది" అన్నాడు సార్.

"గాలి పైన ఉంటది గద సార్, కింద ఏడిది?"

మళ్లీ వెలిగించి దించాడు. నాలుగో మెట్టు దగ్గరే ఆరింది. మూడోసారి దించాడు. అక్కడే ఆరింది. గీత గీసినట్టు.

షెడ్డులో నవ్వులు ఆగిపోయాయి. సార్ మొహం ఎర్రబడింది. "మంచినూనె కాదది, ఊకె ఆరుతది. టైం అయితుంది. సౌందర్యా, నిరోషా, రాండ్రి. ఎవరికి భయమైతే వాళ్లు ఇప్పుడే చెప్పుండ్రి, పేరు కొట్టేస్త."

సౌందర్య కంత దగ్గరికి వచ్చింది. నేను కూడా వచ్చాను. నా కాళ్లే తీసుకొచ్చాయి. మూడు మార్కులు ఎక్కువ ఉన్నదాన్ని, ఆరు గంటలు మొహం కదలకుండా ఉంటే విశాఖపట్నం. మా నాయన నా చెయ్యి పట్టుకుంటాడనుకున్నాను. పట్టుకోలేదు.

"నాకు చదువు రాదు బిడ్డా" అన్నాడు, తాడు చుట్టుకుంటూ. "నువ్వు చదివినవు. ఎందుకు ఆరిందో నువ్వే చెప్పు వీళ్లకు."

ఎందుకు ఆరిందో నాకు తెలుసు. దీపం మొదటిసారి ఆరినప్పుడే తెలుసు. కుళ్లే పల్లీచెక్క నుంచి కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, అది గాలి కంటే బరువు, కదలికలేని చోట అడుగున పేరుకుంటుంది, మంటను ఆర్పుతుంది. మనిషిని కూడా. బళ్లో రాసి పదికి పది తెచ్చుకున్న జవాబు. తెలిసీ ఎందుకు కంత దాకా నడిచానో దానికి మాత్రం జవాబు లేదు.

వంగి లోపలికి చూశాను. ఈసారి బుగ్గ కొరుక్కోలేదు. అడుగున నల్లటి నీళ్ల మీద ఏవో తెల్లగా కదులుతున్నాయి. ఆ పుల్లటి వాసన గొంతులోకి దిగింది. నా ముక్కు, పెదవులు, కనుబొమలు, మూడు నెలలు దాచిపెట్టినవన్నీ ఒక్కసారి ముడుచుకున్నాయి. పక్కకు తిరిగి కక్కుకున్నాను.

"మైనస్" అన్నాడు సార్. అలవాటుగా వచ్చిందా మాట. నోట్‌బుక్కు తీసి రాశాడు కూడా.

నోరు తుడుచుకుని, "సౌందర్యా, దిగకు. కింద గాలి లేదు" అన్నాను.

ఆమె నావైపు అదోలా చూసింది. "నీకు మైనస్ పడంగనే గాలి పోయిందా?"

"మార్కుల కోసం కాదే. నిజంగ లేదు."

"ఇంతసేపు సప్పుడు లేదు. నువ్వే దిగనీకి వస్తివి గద నా ఎన్క." నిచ్చెన మీద కాలు పెట్టింది. "సీటు నాకొస్తదని నీ ఏడుపు."

ఒక మెట్టు దిగింది. రెండో మెట్టు దిగింది. చెప్పడం నాకు వచ్చిన పని కాదు. వంగి ఆమె జడ రెండు చేతులా పట్టుకుని గుంజాను. ఆమె కేక పెట్టింది. నేను వదల్లేదు. తిట్టుకుంటూ, గోళ్లతో నా చేతులు గీరుతూ పైకి వచ్చి చెంప మీద ఒకటి కొట్టింది. చేతికి అంటిన మడ్డి నా మొహాన అంటుకుంది.

సార్ నన్ను అక్కడి నుంచి పొమ్మని అరుస్తున్నాడు. అప్పుడు దశరథం కుర్చీలోంచి లేచాడు. ఆయన కళ్లు మా మీద లేవు, బకెట్లో ఆరిన దీపం మీద ఉన్నాయి.

"దిగకు బిడ్డా" అన్నాడు సౌందర్యతో.

"నాయనా, సీటు."

"దిగకంటున్న గద. మా పాత బాయిల గిట్లనే దీపం ఆరింది ఒకసారి. ఊకోక మేకపిల్లను దించితిమి. తాడు గుంజేసరికి కాళ్లు సాపింది." సార్ వైపు తిరిగి, మెత్తగా అన్నాడు. "తొట్టి సాఫ్ చేయించుండ్రి సార్ ముందుగాల. పరీక్ష ఎన్నడన్న పెట్టుకోవచ్చు."

అంటే ఆయనకు మొదటి నుంచీ తెలుసు. దీపం ఎందుకు దించుతారో తెలిసే నవ్వాడు. సొంత బిడ్డ రెండు మెట్లు దిగేదాకా తెలియనట్టు కూర్చున్నాడు. ఆయన మాట అక్కడితో అయిపోలేదు.

"చెయ్యనీకి మనిషిని ఏడనో ఎతుకుడెందుకు? గీ సామేలు ఉన్నడు గద. వాళ్లకు అలవాటే."

సార్ మొహం విప్పారింది. పోయిన పరువు తిరిగొచ్చినట్టు నిలబడ్డాడు. "మంచి మాట. సామ్యూల్, నువ్వు ఈ తొట్టి సాఫ్ చేసిపెట్టు. సంచులు, మడ్డి, అన్ని తీసి కడుగు. నీ బిడ్డ మైనస్ కొట్టేస్త. ఏంది, ఇద్దరి పేర్లు రాస్త పో. మా దోస్తుకు ఒక మాట చెప్తె ఇద్దరిని తీస్కుంటడు."

ఒక్కటే సీటు అని చెప్పి మూడు నెలలు మమ్మల్ని ఆ కంపులో పోటీకి కూర్చోబెట్టిన మనిషి. ఒక మాట చెప్తే రెండయ్యే సీటట అది.

మా నాయన అప్పటికే చొక్కా గుండీలు విప్పుతున్నాడు. "యాప మండలు కావాలె సార్, కట్ట గట్టి పైకి కిందికి ఊపితె లోపలి గాలి మారతది. ఒక మోపెడు తెప్పియ్యుండ్రి. రెండు గంటల పని." నావైపు చూసి నవ్వాడు. ఆ రోజు ఆయన నవ్వడం అదే మొదటిసారి. బిడ్డకు పనికొచ్చే పని ఒకటి తన చేతికి దొరికిందని ఆ నవ్వు.

సార్ కుర్చీలు కొంచెం వెనక్కి జరపమన్నాడు, మడ్డి చిందుతుందని. జరుపుకుని అందరూ మళ్లీ కూర్చున్నారు. ఎవరో తలుపు దగ్గర నిలబడి కోడికూర ఉడికిందని చెప్పారు. "కానియ్యుండ్రి, ఈ పని అయ్యేసరికి తినొచ్చు" అన్నాడు సార్. ఒకామె వంటాయనను మంచినీళ్లు అడిగింది.

"మా నాయన దిగడు" అన్నాను.

ఎవరికీ వినపడలేదు. మళ్లీ అన్నాను.

"ఏందమ్మా?" అన్నాడు సార్.

"మా నాయన దిగడు సార్."

"గాలి మార్చుకోనే దిగుతడట గద. నీకేం పరేషాన్?"

"దిగడు."

"ఆఫీసర్ కావాలనుకునేదానివి, పని చెయ్యనీకి నామోషా?"

పనికి కాదు నామోషీ అని తెలుసు. ఎలా చెప్పాలో తెలియలేదు.

"నిరోషా, నువ్వూకో బిడ్డా" అన్నాడు నాయన. "సీటు ఇస్తనంటుండు గద సార్."

"సీటు వద్దా నీకు?" అన్నాడు సార్, నోట్‌బుక్కు తెరిచి.

కావాలి. అంతగా దేన్నీ కోరుకోలేదు నేను. ఆ సీటు కోసం బొద్దింక ఏరిన పప్పు తిన్నదాన్ని. "వద్దు సార్" అన్నాను. లోపలికి పోయి నా బట్టల సంచి తెచ్చుకున్నాను. నాయన చొక్కా గుండీలు నేనే పెట్టాను, ఆయన చేతులు కదలకుండా నిలబడిపోతే. దశరథం "పొగరు" అన్నాడు. కోడికూర తినిపొమ్మని ఎవరూ అనలేదు.

గేటు దగ్గర సౌందర్య వెనకాలే వచ్చింది. గేటు పట్టుకుని నిలబడింది.

"ఎంత గుంజినవే, జడ ఊడొచ్చిందనుకున్న."

"ఊఁ."

"దిగితె పోతుంటినంట. మా నాయన అంటుండు."

"ఊఁ."

"ఇంటర్వ్యూల గిట్లనే ఊఁ ఊఁ అంటే మొదటి దినమే ఇంటికి పంపుతరు నిన్ను." ఊడిన జడ సర్దుకుంది. "విశాఖపట్నంల ఏం నేర్పిస్తే అది నీకు ఫోన్ల చెప్త. నిజంగ."

చెప్తుందో లేదో తెలియదు. తల ఊపాను.

పాన్‌గల్ బస్సులో నాయన చాలాసేపు కిటికీలోంచి బయటికి చూశాడు. చేలల్లో పల్లీ పచ్చగా ఉంది. నాకు దాన్ని చూడబుద్ధి కాలేదు.

"రెండు గంటల పని" అన్నాడు చివరికి. ఆయన గొంతులో కోపం ఉంది. "సొరంగంల దీనికంటె గలీజు పనులు చేసిన. ఎవని కోసం చేసిన? సీటు చేతికొచ్చినంక పారేసుకుంటివి."

"వాళ్లు కుర్చీలేసుకోని చూస్తరు నాయనా."

"చూస్తే చూడనీ. చూస్తే నాకేం అరుగుతదా?"

ఆయనే మళ్లీ అన్నాడు. "ఇంటర్వ్యూ ఏ ఊర్ల?"

"బెంగుళూరు."

"గద్వాలల రైలెక్కితె అయిపాయె. నేనొస్త. బయట కూసుంట." కొంచెం దూరం పోయాక, మెల్లగా, తనలో తాను అనుకుంటున్నట్టు అన్నాడు. "నేను గాకుంటె ఇంకొకన్ని దించుతరు. రేపో ఎల్లుండో. వాడు దీపం పెడ్తడో పెట్టడో."

అది నాకు తట్టలేదు. మా నాయన దిగకూడదన్నదాన్నే గానీ, తొట్టి అక్కడే ఉంది. దిగడానికి ఇంకో నాయన ఎక్కడైనా దొరుకుతాడు. నేను అంత బాగా చెప్పాననుకున్న 'వద్దు' కూడా ఒక్కసారి చేదుగా అయిపోయింది.

నాయన జేబులోంచి ఫోన్ తీసుకుని సార్ నంబరు కొట్టాను. బస్సు నిండా జనం ఉన్నారు. మా మూడు సీట్లలో నాకు ఇవతలి సీటు మాత్రం ఖాళీగా ఉంది, వాసనకు ఎవరూ కూర్చోలేదు.

"ఏందమ్మా, మనసు మారిందా?" అన్నాడు సార్. వెనకాల ప్లేట్ల చప్పుడు వినిపిస్తోంది.

"లేదు సార్. ఆ తొట్టిల ఎవరిని దించినా ముందుగాల దీపం దించాలె. ఒక్కసారి కాదు, మూడుసార్లు."

"నువ్వు నాకు చెప్తున్నవా?"

"చెప్తున్న సార్." బస్సులో ముందు సీట్లవాళ్లు వెనక్కి తిరిగి చూశారు. డ్రైవర్ హారన్ కొట్టాడు. ఇంకా గట్టిగా చెప్పాల్సి వచ్చింది. "దిగేటాయన నడుముకు తాడు కట్టాలె. పైన ఇద్దరు నిలబడాలె. ఆయన పడిపోతె తాడు గుంజాలె గాని ఇంకొకరు దిగొద్దు."

సార్ ఫోన్ పెట్టేశాడు.

"యాప మండల సంగతి చెప్పకపోతివి" అన్నాడు నాయన.

నంబరు మళ్లీ కొట్టాను.